బాబు మెదడులోని గడ్డ ముక్కను రీసెర్చ్‌కి ఇవ్వమంటున్నారు, సంతకం పెట్టాలా?

డాలస్ పిన్ని

అందరికీ నమస్కారం. మా అక్క కొడుక్కి ఆరేళ్లు. రెండు నెలలుగా పొద్దున లేవగానే వాంతులు, తలనొప్పి. అరగలేదేమో అనుకున్నాం, బడికి వెళ్లడం ఇష్టం లేక అంటున్నాడేమో అనుకున్నాం. పోయిన శుక్రవారం హాల్లో నడుస్తూ నడుస్తూ ఒక పక్కకి ఒరిగి గోడకి కొట్టుకున్నాడు. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఎంఆర్‌ఐ తీశారు. చిన్నమెదడు దగ్గర నాలుగు సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. మెడులోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ కావచ్చు, తీసి చూస్తే గానీ చెప్పలేమన్నారు. గురువారం ఆపరేషన్.

నిన్న ఒకామె వచ్చి ఇంకో ఫారం ఇచ్చి వెళ్లింది. అది ఆపరేషన్ ఫారం కాదు, రీసెర్చ్‌ది. 14 పేజీలు. బాబు గడ్డలోంచి మిగిలిన ముక్కతో ‘సెల్ లైన్లు, జంతు మోడల్స్’ తయారు చేయవచ్చని, అంటే ఆ కణాల్ని ల్యాబ్‌లో పెంచుతూ పోవచ్చని, ఎలుకల్లో నాటవచ్చని అందులో ఉంది. అక్క ఏ కాగితమూ చదివే స్థితిలో లేదు. బావ చదివి మా అమ్మకి తెలుగులో చెప్పాడు. అమ్మ అప్పటి నుంచి అన్నం ముట్టలేదు. “నా మనవడి మెదడు ముక్క ఎలుక తలలో పెడతారా” అని ఒకటే ఏడుపు.

నాకు తెలియాల్సినవి ఇవి. దీనికోసం ఎక్కువ కోస్తారా? వద్దంటే వైద్యంలో తేడా చూపిస్తారా? దీనివల్ల మా బాబుకి ఏమైనా మేలు ఉందా? ఇన్సూరెన్స్‌కి ఏమైనా ఇబ్బంది అవుతుందా? అసలు ఆ ముక్కని ఏం చేస్తారు? ఎవరైనా ఈ పని దగ్గరగా చూసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. బుధవారం సాయంత్రంలోపు ఏదో ఒకటి చెప్పాలి.

ఎడిసన్ నాన్న

పిన్ని గారూ, ముందు ధైర్యంగా ఉండండి. మా పాపకి 2021లో ఆపరేషన్ అయింది, పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అనే నెమ్మదిగా పెరిగే మెదడు గడ్డకి. మేమూ ఇలాంటి ఫారం మీద సంతకం పెట్టాం. ఎక్కువ కోయలేదు, పెట్టకపోయినా ఫరవాలేదని సర్జన్ స్వయంగా చెప్పారు. మా పాప కణాలు ల్యాబ్‌లో పెరగలేదని తర్వాత తెలిసింది.

ఒక్క విషయం. మీ అమ్మగారికి బావగారు చెప్పడం వేరు, ఆసుపత్రి వాళ్ల చేత చెప్పించడం వేరు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ఫోన్లోనో వీడియోలోనో ఏర్పాటు చేస్తారు, డబ్బు తీసుకోరు. బావగారు కూడా భయంలో ఉన్నారు కదా, ఆ భయం మాటల్లో కలిసిపోతుంది.

నారుమడి

పిన్ని గారూ, మీ పోస్ట్ రాత్రి ఒంటిగంటకి చూశాను, నిద్ర పట్టలేదు. నేను తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మీ ఊరు కాదు, వేరే రాష్ట్రంలో ఒక పిల్లల ఆసుపత్రి ల్యాబ్. ఆపరేషన్ థియేటర్ బయట ఐస్ డబ్బా పట్టుకుని నిలబడేది నేనే. డాక్టర్ని కాదు కాబట్టి బాబు వైద్యం గురించి ఒక్క మాట కూడా చెప్పను. ఆ ముక్క తలుపు దాటి వచ్చాక ఏమవుతుందో మాత్రం నాకు తెలుసు.

ఎక్కువ కోయరు. ఎంత తీయాలన్నది సర్జన్ బాబు కోసం మాత్రమే నిర్ణయిస్తారు. తీసినదాంట్లో మొదటి హక్కు పాథాలజీది. రోగ నిర్ధారణకి, జన్యు పరీక్షలకి సరిపడా వాళ్లు ఉంచుకున్నాకే నాకు వస్తుంది. కొన్నిసార్లు ఏమీ రాదు, ఖాళీ డబ్బాతో వెనక్కి వెళ్తాను. చిన్నమెదడు గడ్డల్లో చాలా భాగం ముక్కలుగా కూడా రాదు. కంపనాలతో గడ్డని మెత్తబరిచి పీల్చే యంత్రం ఒకటి వాడతారు. ఆ పీల్చినది నీళ్లతో, రక్తంతో కలిసి ఒక సంచిలో పడుతుంది. మామూలుగా అయితే దాన్ని పారేస్తారు. మేం ఆ సంచిని కూడా అడిగి తెచ్చుకుంటాం, అందులోనూ బతికున్న కణాలు ఉంటాయి.

నా చేతికి వచ్చేది బఠాణీ గింజంత ఉంటుంది. సూదితో తీసిన బయాప్సీ అయితే సేమియా ముక్కంత. చల్లటి పోషక ద్రవంలో వేసి ల్యాబ్‌కి పరుగెత్తాలి. గంటలోపు మొదలుపెడితే మంచిది. బ్లేడుతో సన్నగా తరుగుతాను. కణాల్ని అతికించి ఉంచే జిగురుని కరిగించే ఎంజైములు కలిపి, 37 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచుతాను. తర్వాత పిప్పెట్‌తో మెల్లగా పైకి కిందికి లాగి విడదీసి, సన్నటి జల్లెడలో వడకడతాను. ఎర్ర రక్తకణాల్ని తీసేసి నీలిరంగు చుక్క కలుపుతాను. చచ్చిన కణం నీలంగా మారుతుంది, బతికున్నది తెల్లగా మెరుస్తుంది. మైక్రోస్కోప్ కింద లెక్క పెట్టుకునే ఆ రెండు నిమిషాలూ ఊపిరి బిగబట్టుకుంటాను, ఇప్పటికీ.

ఆ తర్వాత మూడు దారులు. కొన్ని కణాలు వెంటనే ద్రవ నత్రజనిలోకి, మైనస్ 196 డిగ్రీల చలిలోకి వెళ్తాయి. కొన్ని ఫ్లాస్కులోకి. కొన్ని ఎలుకలోకి. అమ్మగారికి బాధ కలిగించింది ఈ మూడోదే కాబట్టి దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మా నాన్న తెనాలి దగ్గర వరి పండించేవారు. నారు పీకి వేరే మడిలో నాటితే అన్నీ బతకవు. మట్టి మారిందన్న సంగతి వేరుకి తెలుస్తుంది. ఇదీ అలాంటిదే. బాబు తలలో ఆ కణాల చుట్టూ నరాలు, రక్తనాళాలు, వేరే కణాలు, అవి వదిలే రసాయనాలు అన్నీ ఉంటాయి. ఫ్లాస్కులో ఏదీ ఉండదు. ఒకప్పుడు దూడ రక్తంలోంచి తీసిన సీరం పోసి పెంచేవాళ్లు. కణాలు బాగా పెరిగేవి గానీ తమ స్వభావం మార్చుకునేవి. ఆ సంగతి తెలిశాక మేం సీరం లేకుండా, నరాల మూలకణాలకి పోసే ద్రవమే పోస్తున్నాం. అందులో అవి చిన్న చిన్న ఉండలుగా తేలుతూ పెరుగుతాయి, మెల్లగా. కొన్ని రెండు వారాల్లో నాటుకుంటాయి. కొన్ని మూడు నెలలు అలాగే ఉండి ఒక రోజు కరిగిపోతాయి.

ఎడిసన్ నాన్నగారి పాప కణాలు పెరగలేదన్నారు కదా. పైలోసైటిక్ గడ్డ కణాలు ల్యాబ్‌లో దాదాపు ఎప్పుడూ పెరగవు. ఆ గడ్డని పుట్టించే జన్యు మార్పే కొంత కాలానికి కణాల్ని నిద్రపుచ్చేస్తుంది. జర్మనీలో హైడెల్‌బర్గ్ వాళ్లు ఆ నిద్రని ఆపే ఒక స్విచ్ లాంటి జన్యువుని అదనంగా పెట్టాకే అలాంటి ఒక మోడల్‌ని నిలబెట్టగలిగారు. మెడులోబ్లాస్టోమాలో నాలుగు గుంపులు ఉన్నాయి: డబ్ల్యూఎన్‌టీ, ఎస్‌హెచ్‌హెచ్, గ్రూప్ 3, గ్రూప్ 4. వీటిలో ఎంవైసీ అనే జన్యువు ఎక్కువైపోయిన గ్రూప్ 3 ల్యాబ్‌లో సులువుగా పెరుగుతుంది. పిల్లలు బాగా కోలుకునే డబ్ల్యూఎన్‌టీ రకం చాలా కష్టం. అంటే ప్రపంచంలోని ఫ్రీజర్లలో మొండి గడ్డలే ఎక్కువ. మా పనిలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదేనని నా అభిప్రాయం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. బాబు కణాలు పెరిగాయనో పెరగలేదనో విని వాడి జబ్బు గురించి ఏ అంచనాకీ రావద్దు. ముక్క ఎంత చిన్నది, ఎంత ఆలస్యంగా వచ్చింది అన్నదాని మీద కూడా అది ఆధారపడి ఉంటుంది.

‘పిల్లల గడ్డలే ఎందుకు, పెద్దవాళ్లవి చాలవా’ అని మా అమ్మ నన్ను ఒకసారి అడిగింది. చాలవు. పిల్లల మెదడులో పుట్టే గడ్డలు వేరే జబ్బులు. 1985లో ఒక నాలుగేళ్ల బాబు గడ్డ నుంచి ‘డావోయ్’ అనే సెల్ లైన్ తయారైంది. దశాబ్దాల పాటు మెడులోబ్లాస్టోమా మీద జరిగిన ఎన్నో ప్రయోగాలు ఆ ఒక్క బాబు కణాల మీదే. నాలుగు గుంపులున్న జబ్బుని ఒక్క పిల్లాడి కణాలతో ఎలా అర్థం చేసుకుంటాం?

ఇంకా ఘోరం డీఐపీజీ కథ. అది మెదడు కాండంలో వచ్చే గడ్డ. ఎక్కువమంది పిల్లలు ఏడాది కూడా బతకరు. 1990ల నుంచి ఎంఆర్‌ఐ చూస్తే చాలు, అంత ప్రమాదకరమైన చోట సూది పెట్టనక్కర్లేదని బయాప్సీలు మానేశారు. అప్పటికి ఆ జాగ్రత్త సరైనదే. కానీ ముక్క లేదు కాబట్టి కణాలు లేవు, కణాలు లేవు కాబట్టి మందుని పరీక్షించే దారి లేదు. పెద్దవాళ్ల గడ్డలకి వాడే మందులే ఒకదాని తర్వాత ఒకటి పిల్లలకి ఇచ్చి చూశారు, ఏదీ పనిచేయలేదు. 2007లో పారిస్ నెకెర్ ఆసుపత్రి వాళ్లు 24 మంది పిల్లలకి బయాప్సీ చేసి, జాగ్రత్తగా చేస్తే ఇది సాధ్యమేనని చూపించారు. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజే గారి బృందం చనిపోయిన ఒక బిడ్డ తల్లిదండ్రులు ఇచ్చిన గడ్డ నుంచి కణాల్ని పెంచింది. మరుసటి ఏడాదే, 2012లో, ఈ గడ్డల్లో సుమారు 80 శాతంలో హిస్టోన్ అనే ప్రోటీన్‌లో ఒకే అక్షరం మారి ఉందని రెండు బృందాలు కనిపెట్టాయి. పెద్దవాళ్ల మెదడు గడ్డల్లో మామూలుగా కనిపించని మార్పు అది. అన్నేళ్లు ఏ తాళానికి తాళంచెవి చేస్తున్నామో కూడా తెలియకుండా చేశారన్నమాట. ఆ పాత పేపర్లు చదివినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది.

ఇప్పుడు ఎలుకల సంగతి. ఫ్లాస్కులో ఒక మందు కణాల్ని చంపిందంటే సంతోషించకూడదు. మెదడుకి ఒక కాపలా గోడ ఉంది. రక్తంలోని చాలా మందుల్ని అది లోపలికి రానివ్వదు. 2015లో పానోబినోస్టాట్ అనే మందు ఫ్లాస్కులో డీఐపీజీ కణాల మీద బాగా పనిచేసింది. అందరం ఆశపడ్డాం. పిల్లలకి ఇచ్చేసరికి మెదడులోకి చాలినంత వెళ్లలేదు, దుష్ఫలితాలూ ఎక్కువే, గడ్డని ఆపలేకపోయింది. అందుకే రోగనిరోధక శక్తి లేని చిట్టెలుక మెదడులో, మనిషికి వచ్చిన అదే చోట, ఒక లక్ష కణాలున్న రెండు మూడు మైక్రోలీటర్ల చుక్క పెడతాం. అది ఆవగింజంత ఉంటుంది. నాటుకోవడానికి మూడు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు.

ఎలుక వల్ల ఒరిగిన మేలు ఒకటి చెప్తాను. డీఐపీజీ కణాల పైన జీడీ2 అనే గుర్తు దట్టంగా ఉంటుందని పిల్లల నుంచి పెంచిన కణాల్లోనే తెలిసింది. ఆ గుర్తుని వెతికి చంపేలా మార్చిన తెల్లరక్తకణాల్ని ఎలుకలకి ఇస్తే గడ్డలు కరిగాయి. కానీ కొన్ని ఎలుకలు చనిపోయాయి. గడ్డ కరిగేటప్పుడు వచ్చిన వాపుకి మెదడులో నీరు పోయే దారి మూసుకుపోయింది. 2018లో ఆ సంగతి బయటపెట్టారు. అది ముందే తెలిసింది కాబట్టి, తర్వాత పిల్లలకి ఇచ్చేటప్పుడు వాపుని ఎలా కనిపెట్టాలో, నీటిని ఎలా తీయాలో సిద్ధంగా ఉండి మొదలుపెట్టారు. 2024లో వచ్చిన ఫలితాల్లో 11 మందిలో తొమ్మిది మందికి నడకలోనో మాటలోనో మెరుగు కనిపించింది. ఒకరి గడ్డ పూర్తిగా మాయమైంది. అమ్మగారికి ఈ ముక్క చెప్పండి. ఎలుకకి జరిగిన ఆ కీడు తెలియకపోయి ఉంటే అది ఒక బిడ్డకి జరిగేది.

బాబుకి మేలు ఉందా అని అడిగారు. నిజం చెప్పాలి. చాలావరకు లేదు. వాడి వైద్యం నెలలోపే మొదలవుతుంది, మోడల్ నిలబడేసరికి ఏడాది దాటుతుంది. ఆస్ట్రేలియాలో ‘జీరో చైల్డ్‌హుడ్ క్యాన్సర్’ లాంటి కార్యక్రమాల్లో ఆ బిడ్డ కణాల మీదే మందులు పరీక్షించి డాక్టర్లకి చెప్తారు, కానీ మీకిచ్చిన ఫారం అలాంటిదైతే అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. రాసి లేకపోతే ఆశ పెట్టుకోవద్దు. మీరు ఇచ్చేది వేరే పిల్లలకి.

వద్దంటే వైద్యంలో ఏ తేడా రాదు, చట్టం ఒప్పుకోదు. తర్వాత మనసు మార్చుకుంటే ఉపసంహరించుకోవచ్చు. కానీ అప్పటికే వేరే ల్యాబ్‌లకి పంపినవాటిని వెనక్కి తేలేరు, ఇది కూడా ఫారంలో ఉండాలి. 2019 జనవరి నుంచి అమెరికాలో ఇలాంటి ఫారంలో మూడు విషయాలు తేల్చి రాయాలి. దీనివల్ల వచ్చే లాభంలో మీకు వాటా ఉందా లేదా, మొత్తం జన్యుక్రమం చదువుతారా లేదా, ముఖ్యమైన ఫలితం తెలిస్తే మీకు చెప్తారా లేదా. వాటా ఉండదనే రాస్తారు. మూడోదాని గురించి బావగారు తప్పకుండా అడగాలి. ఎస్‌హెచ్‌హెచ్ రకం గడ్డ ఉన్న కొందరు పిల్లల్లో టీపీ53 అనే జన్యువు పుట్టుకతోనే దెబ్బతిని ఉంటుంది. అలా ఉంటే రేడియేషన్ నిర్ణయమే మారొచ్చు, అక్కాచెల్లెళ్లకీ అన్నదమ్ములకీ పరీక్షలు కావాలి. అయితే దాన్ని రీసెర్చ్ ల్యాబ్‌కి వదిలేయకుండా, ఆసుపత్రి చేసే అసలు పరీక్షల్లో ఉందో లేదో ఆంకాలజిస్ట్‌ని, అంటే క్యాన్సర్ డాక్టర్ని, విడిగా అడగండి.

ఇన్సూరెన్స్: 2008 నాటి జీనా చట్టం ప్రకారం జన్యు వివరాల్ని బట్టి ఆరోగ్య బీమా కాదనడం గానీ, ఉద్యోగంలో తేడా చూపడం గానీ కుదరదు. జీవిత బీమాకి ఆ రక్షణ లేదు. ల్యాబ్‌లో పేరు ఉండదు, నంబరే ఉంటుంది. నాకు కూడా పేరు తెలియదు. నాకొచ్చేది వయసు, ఆడా మగా, గడ్డ ఎక్కడ, అంతే.

ఇంకొకటి అడగండి. “అన్నీ పెంచడానికే వాడతారా, కొంచెం ముందే ఫ్రీజ్ చేస్తారా?” దీని వెనక నాకొక గాయం ఉంది. నా మూడో ఏడాదిలో ఒక పాప కణాలు ఏడు వారాలకి నాటుకున్నాయి. అరుదైన రకం. ఒక సోమవారం వచ్చి ఇంక్యుబేటర్ తెరిస్తే ఫ్లాస్కులన్నీ గులాబీ, ఊదా రంగులో ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న ద్రవం నారింజ ఎరుపులో ఉండాలి. శనివారం రాత్రి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అయిపోయింది, అలారం ఎవరికీ వినపడలేదు. దాచిన సీసా ఒక్కటి కూడా లేదు, ఎందుకంటే ఇంకాస్త పెరిగాక దాద్దామని అనుకున్నది నేనే. ఆ పాప తల్లిదండ్రులకి ఎవరూ చెప్పలేదు, చెప్పే పద్ధతే లేదు. అప్పటి నుంచి ఎంత తక్కువ కణాలున్నా మొదటి సీసా నత్రజనిలోకే వెళ్లాలని మా ల్యాబ్‌లో నియమం పెట్టించాను.

గురువారం మీ బాబు ముక్కని మోసుకెళ్లేవాళ్లు ఎవరో నాకు తెలియదు. ఆ రోజు మధ్యాహ్నం వాళ్లు భోజనానికి వెళ్లరని మాత్రం తెలుసు.

హైదరాబాద్ స్లైడు

నేను హైదరాబాద్‌లో పాథాలజిస్ట్‌ని. నారుమడి గారు రాసినదానికి మా వైపు మాట ఒకటి కలుపుతాను. ఇక్కడ ఆపరేషన్ సాయంత్రం అయిపోతుంది, ముక్క నేరుగా ఫార్మలిన్ సీసాలో పడుతుంది. ఫార్మలిన్‌లో పడ్డ కణం ఇక పెరగదు. తాజా ముక్క కోసం ఎదురుచూసే మనిషి, పక్కనే కల్చర్ సదుపాయం ఉంటేనే మోడల్ పుడుతుంది. అందుకే ప్రపంచం వాడే మోడల్స్‌లో మన పిల్లలవి చాలా తక్కువ. సియాటిల్, హైడెల్‌బర్గ్ వాళ్లు కలిసి 2018లో 30 ఎలుక మోడల్స్‌ని పూర్తి వివరాలతో అందరికీ అందుబాటులో పెట్టినప్పుడు నేను ఆ జాబితా మొత్తం చదివాను. మనకి అలాంటిది ఎప్పుడు వస్తుందా అనిపించింది.

అలాగని మైనంలో భద్రపరిచిన ముక్క వృథా కాదు. నవీ ముంబైలో ఏసీటీఆర్‌ఈసీ అనే క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు అలాంటి ముక్కల నుంచే మెడులోబ్లాస్టోమా నాలుగు గుంపుల్ని గుర్తించే పీసీఆర్ పరీక్షని తయారు చేశారు. తక్కువ ఖర్చు, మనలాంటి చోట్లకి సరిపోయేది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు కణజాల బ్యాంకు కూడా ఉంది.

పిన్ని గారూ, మీకు పనికొచ్చే మాట: తర్వాతెప్పుడైనా బాబు వైద్యం ఇండియాకి మార్చాలన్నా, రెండో అభిప్రాయం కావాలన్నా రిపోర్టు ఒక్కటే తీసుకోవద్దు. స్లైడ్లు, మైనం బ్లాకు లేదా రంగు వేయని కోతలు అడగండి. కాగితం మీద మేం మళ్లీ పరీక్ష చేయలేం.

డాలస్ పిన్ని

నారుమడి గారూ, మీ జవాబు అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. డాక్టర్ గారూ, ఎడిసన్ అన్నయ్యా, మీకూ కృతజ్ఞతలు. ఇందాక ఇంటర్‌ప్రెటర్ వచ్చారు, విజయవాడ ఆవిడ.

అమ్మ ఇంకో రెండు అడగమంది. ఆ ఎలుకలకి నొప్పి ఉంటుందా? బాబు కణాలు ఎన్నాళ్లు ఉంటాయి, బాబు పెద్దవాడయ్యాక కూడానా?

నారుమడి

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. సూది పెట్టేటప్పుడు మత్తు ఇస్తాం, తర్వాత నొప్పి మందు ఇస్తాం. ప్రతి ప్రయోగానికీ ముందు ఒక కమిటీ అనుమతి ఉండాలి, ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్నది లెక్క చెప్పాలి. రోజూ చూస్తాం. బరువు తగ్గినా, తల ఒక పక్కకి వాలినా, వీపు గూనిగా పెట్టి కూర్చున్నా ఇక ఆగం, మత్తులో నిద్రపుచ్చేస్తాం. బాధే లేదని చెప్తే అబద్ధం అవుతుంది. నేను వాటిని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ మెల్లగానే తీసుకుంటాను.

కణాలు నాటుకుంటే చాలా ఏళ్లు ఉంటాయి. బార్సిలోనాలో ఒక పిల్లల ఆసుపత్రి నుంచి వచ్చిన ‘హెచ్‌ఎస్‌జేడీ-డీఐపీజీ-007’ అనే కణాలు మా ఫ్రీజర్లో ఉన్నాయి, ఎన్నో దేశాల ల్యాబ్‌లలో ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్‌వి రోమన్ అంకెలతో ఉంటాయి, నాలుగు, ఆరు, పదమూడు అని. సీసా మీద అదే పేరు. అయితే ఏళ్ల తరబడి పెంచితే కణాలు కొద్దికొద్దిగా మారతాయి. ఒకదానిలో ఇంకొకటి కలిసిపోయే ప్రమాదమూ ఉంది. ప్రపంచమంతా వాడిన యూ87 అనే పెద్దవాళ్ల గడ్డ కణాలు అసలు ఏ రోగి నుంచి తీశామనుకున్నారో ఆ రోగివి కావని 2016లో తేలింది. అందుకే మేం ఎప్పటికప్పుడు డీఎన్‌ఏ వేలిముద్రని అసలు గడ్డతో పోల్చి చూస్తాం. తేడా వస్తే ఆ తరం పారేసి, పాత సీసా తీసి మళ్లీ మొదలుపెడతాం.

సియాటిల్ అమ్మ

ఇది చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా పాపది డీఐపీజీ. జబ్బు తెలిశాక పది నెలలు ఉంది. పాప వెళ్లిపోయాక గడ్డ ఇవ్వగలరా అని డాక్టరమ్మ మూడు వారాల ముందు అడిగింది. మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. రెండు రోజుల తర్వాత ఆయనే సరే అన్నారు. కొన్ని గంటల్లోనే చేయాలట, అందుకే ఎవరికి ఫోన్ చేయాలో ముందే ఫ్రిజ్ మీద కాగితం అంటించుకున్నాం. ఆ కాగితం చూస్తూ మూడు వారాలు పాలు తీసుకున్నాను, పెరుగు తీసుకున్నాను.

మొహం మీద ఏమీ తెలియలేదు. మరుసటి రోజు కార్యక్రమం అనుకున్న సమయానికే జరిగింది. ఇది తెలుగువాళ్లు చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఐదు నెలలకి ఉత్తరం వచ్చింది, కణాలు పెరుగుతున్నాయని, మరో రెండు ల్యాబ్‌లకి పంపామని. పాపని అంత బాధపెట్టినవే అవి, అవి బతికున్నాయంటే ఎలా ఉండాలో నాకు తెలియలేదు. మా ఆయన ఆ ఉత్తరాన్ని పాప స్కూల్ సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టారు.

మీ బాబుది వేరే జబ్బు పిన్ని గారూ, మాది చదివి భయపడకండి.

డాలస్ పిన్ని

శుక్రవారం రాత్రి రాస్తున్నాను. ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. గడ్డ దాదాపు మొత్తం తీశామన్నారు. మెడులోబ్లాస్టోమాయే. ఏ గుంపో తెలియడానికి ఇంకా సమయం పడుతుందన్నారు.

సంతకం అక్కే పెట్టింది. ముఖ్యమైన ఫలితం వస్తే మాకు తెలియజేయాలి అన్న గడిలో టిక్ పెట్టించాం. టీపీ53 గురించి ఆంకాలజిస్ట్‌ని అడిగితే ఆసుపత్రి పరీక్షల్లోనే ఉందన్నారు. ఫ్రీజ్ చేస్తారా అని బావ అడిగాడు. ఆ కోఆర్డినేటర్ ఆశ్చర్యపోయి, మొదటి సీసా ఫ్రీజర్‌కే వెళ్తుందని చెప్పింది.

నిన్న మధ్యాహ్నం వెయిటింగ్ హాల్లోంచి ఒక కుర్రాడు తెల్ల డబ్బా పట్టుకుని గబగబా వెళ్తుంటే అమ్మ చూసింది. అందులో ఉన్నది మనవాడిదో కాదో మాకు తెలియదు. “ఆ అబ్బాయి అన్నం తిన్నాడో లేదో” అంది. తను కూడా నిన్న రాత్రి కొంచెం పెరుగన్నం తింది.

సియాటిల్ అక్కా, మీకు ఏం రాయాలో నాకు తెలియడం లేదు. అక్క మీ మెసేజ్ చదివింది. మీతో ఫోన్లో మాట్లాడాలని ఉందట, మీకు వీలైనప్పుడే.

బాబు ఇందాక కళ్లు తెరిచి ఇడ్లీ అడిగాడు. మింగడం ఎలా ఉందో పరీక్ష చేశాక రేపు పెడతామన్నారు.